బోరు వేయడానికి ఉన్న ధైర్యం పిల్లల ఉద్యోగాల దగ్గర ఎందుకు ఉండదు?

సంపాదకులు గారికి నమస్కారం.

తొలకరి పడిందంటే చాలు, మీ పత్రికలో జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర, వజ్రకరూరు చేలల ఫొటోలు వస్తాయి. వాన నీళ్లకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు బయటపడతాయి కాబట్టి, ఎక్కడెక్కడి జనమో సద్దిమూటలతో వచ్చి పొద్దస్తమానం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారు. ఎవరికైనా దొరికిందంటే అదృష్టం వరించిందని పెద్ద అక్షరాలతో వేస్తారు. వెతికేవాళ్లను నేనేమీ అనను. పనుల్లేని రోజుల్లో ఆశతో వచ్చేవాళ్లే ఎక్కువ. నన్ను బాధ పెట్టేది ఇంకొకటి. అదృష్టమంటే ఎక్కడో పడి ఉంటుంది, రాసిపెట్టి ఉన్నవాడి కంటికే కనబడుతుంది అనే ఆలోచన మన ఇళ్లలో పిల్లల ఉద్యోగాల దాకా వచ్చేసింది. ‘వాడికి లక్కు కలిసొచ్చింది, నాకు లేదు’ అని పాతికేళ్లు నిండని పిల్లలు నా ఎదురుగా కూర్చుని అంటున్నారు. దీని గురించి రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. ఉత్తరం పెద్దదైంది. వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను అనంతపురంలో జీఎస్టీ ప్రాక్టీషనర్‌ని. అంగళ్ల వాళ్లకు, చిన్న ఫ్యాక్టరీల వాళ్లకు రిజిస్ట్రేషన్లు చేయించడం, నెలనెలా రిటర్నులు వేయడం నా పని. అంతకుముందు చాలా ఏళ్లు పాతూరులో బోరు మోటార్లు, పైపులు అమ్మే ఒక అంగట్లో లెక్కలు రాశాను. బీకాం అయ్యాక కంప్యూటర్‌లో లెక్కలు రాసే ట్యాలీ నేర్చుకుని అక్కడ చేరాను. మన జిల్లాలో మనుషులు ఎంతెంత రిస్క్ తీసుకుంటారో ఆ బిల్లుల బల్ల దగ్గర కూర్చునే చూశాను.

ఒక రైతు కొబ్బరికాయతోనో వేపపుల్లతోనో పాయింట్ చూపించుకుంటాడు. ఇంట్లో బంగారం కుదువ పెట్టి బోరు బండిని పిలిపిస్తాడు. ఐదు వందల అడుగులకు నీళ్లు రాకపోతే ఇంకో వంద, ఆ తర్వాత ఇంకో వంద. బండి కదిలి వెళ్లిపోతే మళ్లీ రాదని ఆ రాత్రికి రాత్రే అప్పు పుట్టిస్తాడు. నీళ్లు పడితే పొద్దున్నే మా అంగడి ముందు ఉంటాడు, కేసింగు, కేబులు, మోటారు కోసం. కొందరు నీళ్లు పడకముందే మోటారు మాట్లాడుకుని, ‘అక్కా, బోరు ఫెయిలైతే వెనక్కి తీసుకుంటారు కదా’ అని అడిగేవాళ్లు. ఆ అడగడంలో ఎంత భయం ఉండేదో నాకు తెలుసు. మా నాయన కూడా నార్పల వైపు మా చేలో అలాగే వేయించాడు. వేసినవాటిలో ఒక్క బోరు నిలబడింది. ఇక చెనక్కాయ (వేరుశనగ) సంగతి చెప్పనక్కర్లేదు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు అటూఇటూగా పడే వానను నమ్ముకుని, ఊడలు దిగే వేళకు ఒక పదును వాన పడుతుందనే ఆశతో లక్షల ఎకరాల్లో విత్తనం వేసిన జిల్లా ఇది.

ఇంత ధైర్యం ఉన్న మనిషి ఇంట్లోనే, కూతురు ‘నాన్నా, ఈ అంగట్లో పని మానేసి ఇంకో పని నేర్చుకుంటాను’ అంటే ‘ఉన్నది పోగొట్టుకోవద్దమ్మా’ అంటాడు. కొడుకు బెంగళూరులో చిన్న కంపెనీలో చేరతానంటే ‘అది ఎన్నాళ్లు ఉంటుందో’ అంటాడు. రెండు మూడు లక్షలు భూమిలోకి దింపడానికి ఒక్క రాత్రిలో తేల్చుకున్నవాడే, పిల్లల పని దగ్గరికి వచ్చేసరికి ఆరు నెలల గడువు కూడా ఇవ్వలేకపోతున్నాడు.

నేను చూసిన తేడా ఏమిటంటే, బోరు ఫెయిలైతే చేతిలో ఏమీ మిగలదు. అప్పు మాత్రం ఉంటుంది, దానికి వడ్డీ కూడా. అదే కొత్త పని నేర్చుకుందామని అడుగు వేసి అది కుదరకపోతే, నేర్చుకున్న పని మిగులుతుంది, పరిచయమైన మనుషులు మిగులుతారు. కాబట్టి రిస్క్ తీసుకోవాలా వద్దా అనే ప్రశ్న దగ్గరే ఆగిపోకూడదు. పోతే ఎంత పోతుంది, పోయినా ఏం మిగులుతుంది అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలూ మా నాయన ఏనాడూ వేసుకోలేదు, ఆయనకు వేసుకునే వీలు కూడా లేదు, వాన ఎవరి మాటా వినదు కదా. మన పిల్లలకు ఆ వీలు ఉంది.

నా సంగతి చెబుతాను, ఎందుకంటే నన్ను కూడా ‘లక్కీ’ అనే అంటారు. 2016లో రాజ్యాంగ సవరణ అయినప్పటి నుంచీ జీఎస్టీ వస్తోందని పేపర్లలో రాస్తూనే ఉన్నారు. మా సావుకారు ‘వచ్చినప్పుడు చూద్దాంలేమ్మా’ అనేవారు. బజారంతా అదే మాట. 2005 నుంచి ఉన్న పాత అమ్మకం పన్ను వ్యాట్‌కు అందరూ అలవాటు పడిపోయారు. నెలకోసారి ఫారం 200 వేసేస్తే సరిపోయేది. నేను మాత్రం పిల్లలు పడుకున్నాక కొత్త చట్టం చదవడం మొదలుపెట్టాను. అది నా జీతంలో భాగం కాదు, ఎవరూ చదవమనలేదు. అర్థం కానివి ఒక నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని.

2017లో వ్యాపారులకు అవగాహన సదస్సులు పెట్టారు. మా అంగడి తరఫున నేను వెళ్లాను. హాలు నిండా మగవాళ్లు, అందులోనూ పెద్ద పెద్ద సావుకార్లు. చివర్లో ఎవరైనా ప్రశ్నలు అడగండి అన్నారు. ‘జూన్ 30న అంగట్లో ఉన్న సరుకు మీద మేం ఇప్పటికే కట్టిన వ్యాట్ ఏమవుతుంది? దాన్ని కొత్త పన్నులో తగ్గించుకోవచ్చా?’ అని లేచి అడిగాను. గుండె దడదడలాడింది. అధికారి బాగా వివరంగా చెప్పారు, దానికి ట్రాన్-1 అనే ఫారం వేసుకోవాలని. ఆ హాల్లో ఉన్న ప్రతి అంగడికీ గోడౌన్లో సరుకు ఉంది. అందరికీ ఆ భయమే ఉంది. బయట టీ తాగుతుంటే నలుగురైదుగురు వచ్చి ‘మీరు ఏ అంగట్లో చేస్తారమ్మా, మా లెక్కలు కూడా ఒకసారి చూస్తారా’ అని నంబరు తీసుకున్నారు.

నా లక్కు మొదలైంది అక్కడే. జీఎస్టీ 2017 జూలై 1న దాదాపు దేశం మొత్తానికి ఒకేసారి వచ్చింది. అనంతపురంలో అంగళ్లలో లెక్కలు రాసే వాళ్లందరికీ అదే రోజు వచ్చింది. బీకాం అర్హతతో ప్రాక్టీషనర్‌గా నమోదు చేసుకునే వీలు కూడా అందరికీ ఉంది. ఆ హాల్లో నేను నోరు విప్పి ఉండకపోతే, ముందు రాత్రుళ్లు చదివి ఉండకపోతే, ఆ మార్పు నా పక్క నుంచి వెళ్లిపోయేది. నేను తెలివైనదాన్నని చెప్పడానికి ఇది రాయడం లేదు. నాకంటే బాగా లెక్కలు వచ్చినవాళ్లు బజారులో ఉన్నారు. వాళ్లు వచ్చినప్పుడు చూద్దామనుకున్నారు, అంతే.

ఉద్యోగం మానడం మాత్రం తేలిగ్గా జరగలేదు. నెలకు తొమ్మిది వేల జీతం. చిన్నదే అయినా ఒకటో తేదీకి వచ్చేది. మా అత్తమ్మ ‘ఇంటి పక్కన ఉన్న పని వదులుకుంటారా ఎవరైనా’ అంది. ఆమె మాటలో తప్పు లేదు, ఆమె చూసిన లోకంలో జీతం అంటే దేవుడితో సమానం. మా ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఉంది. ఇంటి అద్దె, బియ్యం ఆ జీతంలో గడుస్తాయి. నేను దాచుకున్న చీటీ డబ్బు అరవై వేలు ఉంది. ఆ అరవై వేలు అయిపోయేలోపు కనీసం గది అద్దె, కరెంటు బిల్లు సంపాదించలేకపోతే మళ్లీ ఏదో ఒక అంగట్లో లెక్కలకు వెళ్లిపోతానని ఇంట్లో అందరి ముందూ చెప్పాను. ఒక్క రూపాయి అప్పు చేయనని కూడా చెప్పాను. అనంతపురంలోనే తాడిపత్రి బస్టాండ్ దగ్గర ఒక చిన్న గది తీసుకుని, పాత కంప్యూటర్, ప్రింటర్ పెట్టుకున్నాను.

ఈ మాట దాచకూడదు కాబట్టి రాస్తున్నాను. మా ఆయన జీతం లేకపోతే ఆ అడుగు నేను అప్పుడు వేసేదాన్ని కాదు. ధైర్యం చేయండి, దూకండి అని వేదికల మీద చెప్పేవాళ్లలో చాలామంది వెనక ఒక ఇల్లు, ఒక పొలం, ఒక తండ్రి ఉంటారు. అవి లేని పిల్లలకు ఆ మాట చెప్పడం అన్యాయం. వాళ్లు ఉద్యోగం వదలకుండానే సాయంత్రం రెండు గంటలు ఖర్చుపెట్టి చూడవచ్చు. ఆదివారం ఒక చోట ఉచితంగా పని చేసి నేర్చుకోవచ్చు. నేను కూడా సగం దారి అలాగే నడిచాను. చిన్న రిస్క్ కూడా రిస్కే, దాన్ని చిన్నచూపు చూడవద్దు.

మొదటి నెలలు ఎంత టెన్షన్ పడ్డామో ఆ రోజుల్లో ఈ పని చేసిన ప్రతివాళ్లకూ గుర్తుంటుంది. పోర్టల్ ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. పగలు ఓటీపీ రాదు. జూలై నెల 3బీ (పన్ను లెక్క చూపి కట్టే నెలవారీ రిటర్ను) గడువు ఆగస్టు 20 నుంచి 25కు పొడిగించారు. అర్ధరాత్రి దాటాక సైట్ కొంచెం కదిలేది కాబట్టి ఆ వేళలో వేసేదాన్ని. మరుసటి రోజు పొద్దున్నే సావుకార్లకు ఫోన్ చేసి ‘మీది అయిపోయింది’ అని చెబితే వాళ్లు నమ్మేవాళ్లు కాదు. అలా ఒకరికి తెలిసి ఇంకొకరు వచ్చారు. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య సరుకు రవాణాకు ఈ-వే బిల్లు (లారీ వెంట ఉండాల్సిన ఆన్‌లైన్ పత్రం) తప్పనిసరి అయింది. తాడిపత్రి వైపు రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల లారీలు రాత్రిపూట బయలుదేరతాయి. బిల్లులో ఒక అంకె తప్పు పడినా లారీ దారిలో ఆగిపోతుంది. రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చినా ఎత్తుతానని నేను చెప్పాను. ఆ ఒక్క మాట వల్ల నాకు వచ్చిన పని ఇప్పటికీ నా ఆదాయంలో పెద్ద భాగం. కొత్త నిబంధన వచ్చినప్పుడల్లా జనం భయపడతారు. ఆ భయం ఉన్న చోటికి ముందుగా వెళ్లి నిలబడినవాళ్లకు పని దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22న 12, 28 శాతం శ్లాబుల్లో ఉన్న దాదాపు అన్ని సరుకుల రేట్లు మార్చినప్పుడు కూడా అంతే. సిమెంటు 28 నుంచి 18కి దిగిన రోజున పాత స్టాకు బిల్లు ఎలా వేయాలని అడిగే ఫోన్లతో మా గదిలో అన్నం తినడానికి తీరిక లేదు.

వేసిన అడుగులన్నీ కలిసిరాలేదు. 2020 మొదట్లో ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారుల కోసం ఇంకో గది తీసుకున్నాను. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్. చీరల బజారు మూతపడింది, మగ్గాలు ఆగిపోయాయి, అద్దె మాత్రం ఆగలేదు. గది ఖాళీ చేసేశాను. అడ్వాన్సు, టేబుళ్లు, బోర్డు ఖర్చు పోయింది. కానీ ఆ కొన్ని వారాల్లో పరిచయమైన వ్యాపారులు తర్వాత వాట్సాప్‌లోనే బిల్లులు పంపించి పని చేయించుకోవడం మొదలుపెట్టారు. గది లేకుండానే ధర్మవరం పని వస్తోంది. పోయినా ఏం మిగులుతుంది అని పైన రాసింది ఇందుకే.

ఇప్పుడు రిస్క్ లేదని అందరూ నమ్మే దారి సంగతి చూద్దాం. మన రాయలసీమ పిల్లలు డిగ్రీ కాగానే బ్యాంకు కోచింగ్‌కు నంద్యాల వెళతారు, గ్రూప్స్‌కు ఇంకో ఊరు వెళతారు. అక్కడ కష్టపడి చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ ఆ దారిలో రిస్క్ లేదని మాత్రం అనకండి. 2023 డిసెంబరులో వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్‌లో సుమారు 900 పోస్టులు. దరఖాస్తులు నాలుగు లక్షలు దాటాయి. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగితే మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న జరిగాయి. మధ్యలో ఒక ఏడాది. ఆ ఏడాదంతా హాస్టల్ గదిలో చదువుకున్న పిల్లవాడికి ఉద్యోగం రాకపోతే చేతిలో ఏం మిగిలింది? ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది దాకా వయసు అంతా ఒకే పందెం మీద పెట్టడం నాకు ఉద్యోగం మారడం కంటే పెద్ద రిస్క్‌గా కనిపిస్తుంది. చదవండి, తప్పకుండా చదవండి. కానీ ఎన్ని ప్రయత్నాలో ముందే అనుకోండి, ఇంట్లో చెప్పండి, పక్కన ఒక పని నేర్చుకోండి. బోరు వేసే రైతుకు ‘ఇంకో వంద అడుగులు’ అనేది ఎలా ఆగదో, ‘ఇంకో నోటిఫికేషన్’ కూడా అలాగే ఆగదు.

మన జిల్లా మనిషినే ఒకరిని గుర్తు చేస్తాను. ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు రాష్ట్రపతి అయ్యారని పిల్లలకు చెబుతాం, మధ్యలోది చెప్పం. 1931లో కాలేజీ చదువు వదిలేసి స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్లారు. ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. అంత పేరు వచ్చాక 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా ఉండి వి.వి.గిరి గారి చేతిలో ఓడిపోయారు. 1971లో సొంత అనంతపురం లోక్‌సభ స్థానంలోనూ ఓడిపోయారు. ఇల్లూరుకు వచ్చి సేద్యం చేసుకున్నారు. 1977లో మళ్లీ నంద్యాలలో జనతా పార్టీ తరఫున నిలబడ్డారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. మిగిలిన ఒక్కటి ఆయన గెలిచిన నంద్యాల. ఆ ఏడాదే లోక్‌సభ స్పీకర్, ఆ వెంటనే ఏకగ్రీవంగా రాష్ట్రపతి. ఆయన జాతకం అలాంటిది అంటారు మా వీధిలో పెద్దాయన ఒకరు. రెండుసార్లు ఓడినవాడు మూడోసారి నామినేషన్ వేయకపోతే ఏ జాతకం ఏం చేస్తుంది? అలాగని ఆయనకు ఓడితే వెనక్కి వచ్చి బతకడానికి ఇల్లూరులో పొలం ఉంది. ఆ విషయం కూడా పిల్లలకు చెప్పాలి.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వస్తుందని 2017 ఏప్రిల్‌లో ఒప్పందం అయినప్పుడు కూడా ఇదే చూశాం. ఉద్యోగం వస్తుందా రాదా అని ఎదురుచూసినవాళ్లు ఒకవైపు, కొరియా వాళ్లు వస్తే ఉండటానికి ఇళ్లు కావాలి, తిండి కావాలి, బండ్లు కావాలి అని ముందే ఆలోచించినవాళ్లు ఇంకోవైపు.

ఇక కాలేజీల విషయం. డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. చాలా మంచి పని. మన వైపు పల్లెల పిల్లలకు, తండ్రి పేరు చెప్పి ఏ ఆఫీసులోకీ వెళ్లలేని పిల్లలకు, ఒక పని లోపల ఎలా ఉంటుందో చూసే మొదటి అవకాశం అది. దాన్ని మనమే పాడు చేసుకుంటున్నాం. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది ‘మేడమ్, రావడం కుదరదు, సంతకం, స్టాంపు వేసివ్వండి చాలు’ అని అడుగుతారు. కొందరి వెంట తల్లిదండ్రులు కూడా వచ్చి అడుగుతారు. కావాలంటే డబ్బు ఇస్తామంటారు. నేను వేయను. పిల్లల మీద కోపంతో కాదు, అడగడానికి వాళ్లకు ఎవరు నేర్పారా అని కడుపు మండుతుంది. ఒక్క రూపాయి పోకుండా తీసుకోగలిగిన రిస్క్ అది. తెలియని చోటికి వెళ్లి, తెలియని వాళ్ల ముందు నిలబడి, ఇది నాకు రాదు, నేర్పండి అనడం. దాన్నే సంతకంతో కొనేసుకుంటే, రేపు ఉద్యోగం మారాల్సి వచ్చినప్పుడు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

పోయిన ఏడాది తాడిమర్రి వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. సంతకం వేయనంటే మొహం చిన్నబుచ్చుకుని, సరే వస్తానంది. జీఎస్టీ నంబరులో మొదటి 37 మన రాష్ట్రం కోడ్ అని, తర్వాతి పది అక్షరాలు పాన్ అని చెప్పడంతో మొదలుపెట్టాను. కొన్నాళ్లకు వాళ్ల ఊరి చీనీ (బత్తాయి) మండీ వ్యాపారి ఒకాయన లెక్కలు తానే చూస్తానని అడిగింది. ఆయన మొదట వద్దన్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. ఇప్పుడు చదువుకుంటూనే మూడు అంగళ్ల పని చూస్తోంది. పోయిన వారం వచ్చి, ఎంకాం చేయాలా, కాస్ట్ అకౌంటింగ్ కోర్సు సీఎంఏ ఇంటర్‌కు కట్టాలా అని అడిగింది. నేను చెప్పలేదు. ఏది కుదరకపోతే ఎంత పోతుందో రాసుకుని రమ్మన్నాను.

సంపాదకులు గారూ, మిమ్మల్ని కోరేది రెండు విషయాలు. ర్యాంకర్ల ఫొటోలు వేసినట్టే, ఉద్యోగం మారినవాళ్ల, వ్యాపారం పెట్టి మూసేసి మళ్లీ మొదలుపెట్టినవాళ్ల అనుభవాలు మీ జిల్లా పేజీలో వారానికి ఒకటి వేయండి. ఎంత పెట్టారు, ఎంత పోయింది, ఇల్లు ఎలా గడిచింది అనే లెక్కలతో సహా వేయండి. అవి లేకపోతే చదివినవాళ్లకు ఉపయోగం లేదు. అప్పు అవసరమైనవాళ్ల కోసం ముద్రా పథకం వివరాలు కూడా పక్కనే ఇవ్వండి. 2015 నుంచి ఉన్నా, శిశు విభాగంలో యాభై వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారన్న సంగతి చీటీ వడ్డీలు కడుతున్న చాలామందికి ఇప్పటికీ తెలియదు.

రెండోది, కామర్స్ చదివే పిల్లలు ఎవరైనా నిజంగా పని నేర్చుకోవాలనుకుంటే నా దగ్గర ఇద్దరికి చోటు ఉంది. ఫీజు లేదు, మధ్యాహ్నం భోజనం మాతోనే. దూరం ఊళ్ల ఆడపిల్లలు చివరి బస్సు అందేలా సాయంత్రం నాలుగున్నరకే బయలుదేరవచ్చు. నెలలో 11వ తేదీ, 20వ తేదీ గడువుల ముందు మాత్రం మాకు ఊపిరాడదు, ఆ రోజులు తప్పించి వస్తే కూర్చోబెట్టి మాట్లాడతాను. నా చిరునామా, ఫోన్ నంబరు ఈ ఉత్తరంతో పాటు విడిగా రాసి పంపుతున్నాను. అడిగినవాళ్లకు మీ ఆఫీసు నుంచి ఇవ్వగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అనంతపురం.